చలువపేటలో నిండు నెలలు

నమోదు 1

గర్భిణులు రోజుకొక చల్లని మాట రాసి పంపాలని చలువ మండలి ఆజ్ఞ. బాగా చల్లగా ఉన్నవాటిని భోజనశాల మైకులో చదువుతారు. కిందటేడు మా పొరుగింటి నీలవేణి తన కడుపులో బిడ్డను మంచుముద్ద అని రాస్తే ఊరంతా చప్పట్లు కొట్టింది. నాకు ఆ పూట చారు సహించలేదు.

ఇప్పుడు నా వంతు వచ్చింది. నా పేరు వకుళ. నెలలు నిండాయి. ఉద్యోగం దుమ్ము గదిలో. బయట చంద్రుడి నేల మీద పని చేసి లోపలికి వచ్చేవాళ్ళ సూట్లను బ్రష్షుతో రుద్ది, రాలిన దుమ్మును సంచుల్లో మూట కడతాను. నిండు చూలాలిని ఆ పనిలో ఉంచుతారా అని ఎవరైనా అడగొచ్చు. ఇంకెవరూ రామన్నారు కాబట్టి ఉంచారు.

చంద్రుడి దుమ్ము భూమి మీది దుమ్ములాంటిది కాదు. గాలికీ నీటికీ ఎన్నడూ అరగని గాజుపెంకుల పొడి. లోపలికి పోతే ఊపిరితిత్తులు వాచి దుమ్ము జ్వరం పట్టుకుంటుంది. అందుకే నా గదికి ఒక నియమం ఉంది. అందులోకి ఎవరైనా రావచ్చు, లోపలికి తోసుకొచ్చే తలుపు వేరే ఉంది. దుమ్ముతో బయటికి పోవడమే కుదరదు. ఒంటి మీదా గాలిలోనూ దుమ్ము లేదని యంత్రం ఒప్పుకునేదాకా ఊళ్ళోకి తెరుచుకునే తలుపు కదలదు. మండలి అధ్యక్షుడు వచ్చి బతిమాలినా కదలదు. ఈ పనివల్ల నన్ను చూస్తే జనం కాస్త దూరం జరుగుతారు. భోజనం వరుసలో నాకు చోటు బాగా దొరుకుతుంది.

ఈరోజు చల్లని మాట: నా పాదాలు చల్లగా ఉన్నాయి. మేజోళ్ళు చిరిగాయి.

నమోదు 2

పొద్దున్నే ఊరంతా కూడలిలో చలువ స్తంభం ముందు నిలబడింది. ఊరంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఎప్పుడో లావా పారి ఖాళీ అయిన సొరంగం ఇది. మా పెద్దవాళ్ళు అందులో కాపురం పెట్టి చలువపేట అని పేరు పెట్టుకున్నారు. అందరం కుడి చెయ్యి పైకెత్తి చంకను స్తంభం వైపు తిప్పుతాం. చంక కింద చర్మంలో చలువ బిళ్ళ ఉంటుంది. ఒంట్లో ఎక్కడ వాపుకు పిలుపు పుట్టినా బిళ్ళ దాన్ని అక్కడికక్కడే మింగేస్తుంది. స్తంభం దానికి ఏ రోజుకారోజు బలం నింపుతుంది. ఇంతమంది పెద్దమనుషులు బుద్ధిగా చంకలు చూపిస్తూ నిలబడే దృశ్యం భూమి మీద ఎక్కడా దొరకదు.

మణికట్టు మీది దీపం నీలంగా ఉంటే మనిషి చల్లన. ఎర్రబడితే పరువు గంగలో కలిసినట్టే. మండలి అధ్యక్షులు కోదండపాణి గారు ఈరోజు కూడా నాలుగు మాటలు చెప్పారు. నిన్న భోజనశాలలో ఎవరో గొంతు పెంచారట, గొంతు పెంచడం కూడా ఒక రకం వాపేనట. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు గానీ, చెయ్యెత్తి నిలబడి వినేవాడు ఇంకా లోకువ.

అయితే నిజం చెప్పాలి. బిళ్ళ వచ్చాక ఊళ్ళో దుమ్ము జ్వరంతో ఎవరూ చావలేదు. అంతకుముందు చాలామంది పోయారు. మా అత్తమ్మ రాజవ్వ కూతురు మల్లిక, అంటే నేను చూడని నా ఆడబిడ్డ, ఆ జ్వరంతోనే పోయింది. ఆ సంగతి అత్తమ్మ ఎత్తదు. స్తంభం ముందు మాత్రం అందరికన్నా ఎత్తుగా చెయ్యి లేపి, కళ్ళు మూసుకుని దండం పెడుతుంది. ఆమెను నేను ఎగతాళి చేయను. మిగతా ఊరినంతా చేస్తాను.

నమోదు 3

ఊరికంతటికీ ఒకరే డాక్టరు, ఫర్హానా గారు. ఆమె చేతులు కడుక్కుంటూ మన మొహం చూడకుండా మాట్లాడిందంటే సంగతి బాగాలేదని అర్థం. ఈరోజు మోచేతుల దాకా కడుక్కుంది.

గడువు దాటిపోయింది గానీ గర్భసంచి మూతి ఇంకా బిగుసుకునే ఉందట.

"నీ ముక్కు కొన పట్టుకుని చూడమ్మా," అంది. పట్టుకున్నాను. "ఇప్పుడు పెదవి పట్టుకో. నీ గర్భసంచి మూతి ఈపాటికి పెదవిలా మెత్తబడాలి. ఇంకా ముక్కులాగే ఉంది."

నొప్పులొస్తే అదే తెరుచుకుంటుంది కదా అన్నాను. అందరూ అలాగే అనుకుంటారట. నొప్పులు తలుపును నెట్టే చేతులు మాత్రమేనట, తలుపు అంతకుముందే మెత్తబడి ఉండాలట. గర్భసంచి మూతి నులకమంచం అల్లికలాంటిదని చెప్పింది. కొల్లాజెన్ అనే తాళ్ళతో బిగించి అల్లి ఉంటుంది కాబట్టే తొమ్మిది నెలలు బరువు ఆపుతుంది. నెలలు నిండాక ఒళ్ళే అక్కడ కావాలని చిన్న వాపు తెప్పించుకుంటుంది. ఇంటర్‌ల్యూకిన్లు అనే అణువులు పిలుపులు పంపుతాయి. పిలుపు విని తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చి తాళ్ళను కొరికే రసాలు వదులుతాయి. ప్రోస్టాగ్లాండిన్లు తోడై అల్లికను వదులు చేస్తాయి. తాళ్ళ మధ్యకు నీరు చేరి మూతి మెత్తబడుతుంది. వేలికి ముల్లు గుచ్చుకుంటే వెళ్ళే పిలుపులు కూడా ఇవేనట. అక్కడ దెబ్బను మాన్పడానికి వస్తాయి, ఇక్కడ బిడ్డకు దారి ఇవ్వడానికి.

ఆ పిలుపుల్లో ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్ ఎనిమిది అంది. బస్సు నంబరులా ఉందన్నాను. ఆ బస్సే మన ఊరికి రావడం లేదమ్మా, బిళ్ళ దాన్ని దారిలోనే ఆపేస్తోంది అంది.

మెత్తబరిచే మందు ఒకటుంది. అది కూడా ప్రోస్టాగ్లాండినే కాబట్టి దాన్నీ బిళ్ళ మింగుతుంది. బిళ్ళను కోసి తీద్దామంటే అందులో ఉన్న మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి దిగి ప్రాణం మీదికి వస్తుంది. మరి కడుపు కోసి బిడ్డను తీయొచ్చు కదా అని అడిగాను. డాక్టరు గారు మళ్ళీ చేతులు కడుక్కుంది.

నమోదు 4

ఆమె ఎందుకు జవాబు చెప్పలేదో తెలుసుకుందామని నీలవేణి ఇంటికి వెళ్ళాను. బిళ్ళ వచ్చాక మా ఊళ్ళో పుట్టిన పిల్లలందరూ కడుపు కోస్తే పుట్టినవాళ్ళే. మండలి దాన్ని గొప్పగా చెప్పుకుంటుంది. నొప్పి లేని కాన్పు, అరుపు లేని కాన్పు అని భోజనశాల గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించింది.

నీలవేణి తలుపు గడియ పెట్టి చీర కాస్త జరిపి చూపించింది. బిడ్డ పాకుతోంది గానీ ఆమె పొట్ట మీది కోత ఇంకా పూడలేదు. ఎర్రగా లేదు, వాపు లేదు, చీము లేదు, నొప్పి కూడా లేదు. రెండంచులూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా తెరుచుకుని ఉన్నాయి. మాననివ్వాలంటే ముందు ఎర్రబడనివ్వాలి కదా, ఎర్రబడటానికి మా ఊళ్ళో అనుమతి లేదు. మండలి వాళ్ళు వచ్చి చూసి దీనికి ప్రశాంత గాయం అని పేరు పెట్టి వెళ్ళారట. పొద్దున్నే నడుముకు బిగించి గుడ్డ చుట్టుకోకపోతే నిలబడలేనని చెప్పింది నీలవేణి.

ఆమెకన్నా ముందు సుగుణకు కుట్లు విడిపోయి లోపలంతా రక్తం పోయింది. ఆమె సంతాపసభకు నేనూ వెళ్ళాను. చివరి క్షణం దాకా సుగుణ దీపం నీలంగానే వెలిగిందని కోదండపాణి గారు మెచ్చుకున్నారు. అప్పుడు నేను కూడా తల ఊపాను, ఎందుకో తెలియదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మా ఊళ్ళో ఊడిన నాలుకకు సన్మానం కూడా చేస్తారు.

ఈరోజు చల్లని మాట: రాయలేదు.

నమోదు 5

కాళ్ళు బరువెక్కి వరుసగా కొన్ని పొద్దులు స్తంభం దగ్గరికి వెళ్ళలేదు. తలనొప్పిగా ఉందని కబురు పంపి మంచం మీదే పడుకున్నాను. ఈరోజు బట్టలు మడతపెడుతుంటే నడుము కింద ఏదో లాగినట్టయింది. కాసేపటికి మళ్ళీ లాగింది. దీపం చూసుకుంటే గులాబీ రంగు తిరిగింది. బిళ్ళలో బలం తగ్గగానే ఒళ్ళు తన పని మొదలుపెట్టిందన్నమాట. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇంతలో అత్తమ్మ టీ తెచ్చింది. నా మణికట్టు చూసింది. గ్లాసు కింద పెట్టి బయటికి పరుగెత్తింది. డాక్టరు కోసం వెళ్ళిందనుకున్నాను.

ఆమె మండలిని పిలుచుకొచ్చింది. వెనకాలే సగం ఊరు వచ్చింది. ఇంత మంచి జనం ఎక్కడా ఉండరు. ఒకామె తడిగుడ్డ నుదుటిన వేసింది, ఒకాయన మంచుగడ్డలు తెచ్చాడు, పిల్లలు విసనకర్రలు పట్టుకున్నారు. వద్దని మొత్తుకుంటుంటే, అరవకమ్మా వేడి పెరుగుతుంది అని బుజ్జగించారు. మంచంతో సహా మోసుకెళ్ళి నన్ను చలువ స్తంభం కింద పడుకోబెట్టారు. చెయ్యి పైకెత్తి పట్టుకోవడానికి ఇద్దరు వంతులు వేసుకున్నారు. సాయంత్రానికి దీపం నీలంగా మారింది. నడుము లాగడం ఆగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టి, ఒకరినొకరు కౌగిలించుకుని, నన్ను ఇంటికి మోసుకొచ్చారు.

అత్తమ్మ నా పాదాలు ఒత్తుతూ కూర్చుంది. "నేనే చెప్పిన బిడ్డా మండలోళ్ళకు," అంది. "నాకు గా ఎర్ర దీపం సూస్తె పానం పోతది." గోడ వైపు తిరిగి పడుకున్నాను.

నమోదు 6

నిన్నటి నుంచి బిడ్డ కదలికలు తగ్గాయి. ఫర్హానా గారు గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. కడుపులో నీరు తగ్గిందని, ఇక రోజులు గడిపితే బిడ్డ దక్కదని చెప్పింది. కోస్తే నేను దక్కనని ఆమె చెప్పలేదు. నీలవేణి కోత, సుగుణ చావు ముందే చెప్పాయి. నాకు మిగిలింది ఒకటే దారి, నిన్న మొదలైనది మళ్ళీ మొదలవ్వాలి. దానికి నేను స్తంభానికి దూరంగా ఉండాలి.

మధ్యాహ్నం మండలి కూర్చుంది. డాక్టరు గారు నాకు చెప్పినదంతా వాళ్ళకూ చెప్పింది. ముక్కూ పెదవీ పట్టుకుని చూడమంటే మండలి సభ్యులందరూ బుద్ధిగా పట్టుకుని చూశారు. తర్వాత కోదండపాణి గారు, వాపు లేకుండా ఆ వాపు తెప్పించే మార్గం ఉందా అని అడిగారు. లేదంది. చల్లని వాపు సాధ్యమేమో పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేశారు. అది వచ్చే నెల కూర్చుంటుంది. బిడ్డను అప్పటిదాకా ఆగమనాలి కాబోలు.

స్తంభం నుంచి సెలవు అడిగితే కుదరదన్నారు. ఈరోజు గర్భిణికి ఇస్తే రేపు పంటినొప్పి వాడూ అడుగుతాడట. ఒకరి వేడి పదిమందికి అంటుకుంటుందట. అంటుకోదని డాక్టరు గారు అంటే, అది భూమి మీది లెక్క అన్నారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

నా భర్త ఐలేశ్ లేచి నిలబడ్డాడు. నీటి ప్లాంటులో పని చేస్తాడు, సాధారణంగా నీళ్ళకన్నా నెమ్మది మనిషి. కోపానికి దీపం కాస్త గులాబీ తిరిగింది. పక్కవాడు వేలు పెట్టి చూపించగానే కూర్చున్నాడు. ఆ మాత్రం లేచినందుకే ఇంటికొచ్చాక అతనికి కాఫీ ఇచ్చాను.

చివరికి కోదండపాణి గారు అత్తమ్మ వైపు తిరిగారు. "జ్వరం అంటే ఏమిటో మనలో రాజవ్వ గారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కూతురిని పోగొట్టుకున్న తల్లి. ఆమెనే అడుగుదాం. బిళ్ళను నిద్రపుచ్చుదామా అమ్మా?" అన్నారు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసింది.

నేనే అన్నాను. "మీరు బిళ్ళ పెట్టుకున్నది దుమ్ముకు భయపడి. ఇప్పుడు నా బిడ్డకు భయపడుతున్నారు."

నా గొంతు పెరిగిందని నమోదు చేసుకున్నారు. రేపటి నుంచి పూటకొకసారి నన్ను స్తంభం దగ్గరికి తీసుకెళ్ళడానికి ఇద్దరు మనుషులను నియమించారు.

నమోదు 7

ఆ ఇద్దరూ వచ్చేసరికి నేను ఇంట్లో లేను, ఉద్యోగంలో ఉన్నాను.

ముక్కుకు మాస్కు బిగించి, కళ్ళద్దాలు పెట్టుకుని, కొత్తగా కట్టిన దుమ్ము సంచి ఒకటి విప్పాను. ఇన్నేళ్ళుగా ఒక్క రేణువు రాలకుండా మూట కట్టిన చేతులతో దాన్ని గది నిండా చల్లాను. నా చీర కొంగుకు పట్టించాను. చాలా ఏళ్ళ తర్వాత హోలీ ఆడినట్టు ఉంది. సైరన్ మోగింది. ఊళ్ళోకి పోయే తలుపు బిగుసుకుంది.

కోదండపాణి గారు ఊరి వైపున్న అద్దపు గోడ అవతలికి వచ్చి, మైకులో తలుపు తెరవమన్నారు. యంత్రాన్ని అడగమన్నాను. నియమం మండలిదే, సంతకం ఆయనదే, పటం కట్టి ఆయన తలకు పైనే వేలాడుతోంది. ఆయన తలెత్తి చదివారు. చదవడం అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చదివారు. నన్ను బయటికి తేవడానికి మనుషులను పంపితే వాళ్ళు కూడా లోపలే ఉండిపోవాలి. ఆ ఇద్దరూ ఇంటి దగ్గర పని ఉందని వెళ్ళిపోయారు.

కాసేపటికి ఫర్హానా గారు తన పెట్టె పట్టుకుని నేరుగా లోపలికి వచ్చేసింది. ఉన్న ఒక్క డాక్టరూ వెళ్ళిపోతే ఊరి గతేమిటని కోదండపాణి గారు మైకులో అడిగారు.

"మీ ఊళ్ళో ఎవరికీ జ్వరం రాదు కదండీ. నాతో ఏం పని," అని ఆమె మైకు కట్టేసింది.

నమోదు 8

దుమ్ము గదిలో పొద్దున్నే ఎవరూ చంకలు చూపించరు. ఐలేశ్ మూడు పూటలా, అద్దం పక్కన రెండు వైపులా మూతలున్న కిటికీ అర లోంచి అన్నం పంపుతున్నాడు. నిన్న పప్పులో ఉప్పు మరిచిపోయాడు, ఇవాళ రెండు రోజులదీ కలిపి వేశాడు.

మా బిళ్ళలు నిద్రపోతున్నాయి. మరచిపోయిన ఒళ్ళు ఒక్కొక్క చోట లేస్తోంది. ఫర్హానా గారికి నడుం పట్టుకుంది. నాకు పంటి చిగురు వాచింది, గొంతు గరగరమంటోంది, దగ్గు వస్తోంది. ఎప్పుడో బ్రష్షు తీగ గీసుకుని నెలల తరబడి అలాగే ఉన్న వేలి గాటు ఎర్రబడింది, వేడెక్కింది, రాత్రంతా సలిపింది. ఈరోజు చూస్తే పక్కు కట్టింది. దాన్ని నీలవేణికి చూపించాలనిపించింది. ఆమె అద్దం దగ్గరికి వస్తే వేలు ఎత్తి చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. నడుముకు చెయ్యి పెట్టుకుని వెళ్ళిపోయింది.

కానీ గర్భసంచి మూతి ఇంకా మెత్తబడలేదు. స్తంభం కింద పడుకోబెట్టిన రోజు బిళ్ళ కడుపు నిండా తాగినట్టుంది, మత్తు దిగడానికి సమయం పడుతోందని డాక్టరు గారు అంటోంది. బిడ్డ గుండె వినేటప్పుడు ఆమె కళ్ళు మూసుకుంటోంది. ఇంతకాలం అందరినీ వెక్కిరిస్తూ వచ్చాను. ఈరోజు వెక్కిరించడానికి ఎవరూ దొరకలేదు. భయంగా ఉంది. ఈ దగ్గు దుమ్ము జ్వరంలోకి దిగితే ఇద్దరం పోతాం. అప్పుడు మండలి మాటే నిజమవుతుంది, నా సంతాపసభలో వాళ్ళు దాన్ని నెమ్మదిగా, గొంతు పెంచకుండా చెబుతారు.

నమోదు 9

నాకు జ్వరం వచ్చింది. పెద్దదేం కాదని డాక్టరు గారు అన్నది గానీ దీపం మాత్రం మిరపపండులా ఉంది. అద్దం అవతల చూడటానికి జనం వరుస కట్టారు. పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని మరీ వచ్చారు.

వరుసలో మా అత్తమ్మ కూడా ఉంది. ఆమె వంతు వచ్చాక అద్దానికి రెండు చేతులూ ఆనించి నిలబడింది. వెనకవాళ్ళు జరగమన్నారు. జరగలేదు. ఐలేశ్ వచ్చి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. తర్వాత కనబడలేదు. ఇంటికి వెళ్ళిందనుకున్నాను. తలుపు తెరుచుకున్న చప్పుడైతే తల తిప్పాను, గదిలో నా ముందు నిలబడి ఉంది. మాస్కు కూడా తలకిందులుగా కట్టుకుంది.

మీకెందుకత్తమ్మా, బయటికి పోలేరు అన్నాను.

"మల్లికకు జ్వరమొచ్చినప్పుడు ఈ గదిలనే పెట్టిండ్రు," అంది. "దుమ్ము అంటుకుంటదని నన్ను రానియ్యలే. గా అద్దంలకెల్లి సూస్కుంట నిలబడ్డ. అది అవ్వా అని పిలుస్తనే ఉండె. మల్ల అద్దంలకెల్లి సూడ నేను."

ఈ గదిలో ఇన్నేళ్ళు పని చేశాను. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. లేచి కూర్చోబోతే ఆమె భుజం పట్టి పడుకోబెట్టి, తడిగుడ్డ తీసుకుంది. నేను బెదిరిపోయి చెయ్యి అడ్డం పెట్టాను. చల్లబరచడానికి కాదు, మొహం మీద దుమ్ము ఉంది తుడుస్తా అంది. తుడిచింది. తర్వాత చీపురు తీసుకుని, నేను చల్లిన దుమ్మును తిట్టుకుంటూ గదంతా ఊడ్చి, తడిగుడ్డతో నేల తుడిచి, గాలి యంత్రం ముందు బిడ్డ కోసం ఒక మూల తెర కట్టింది. అయినా గాలిలో మిగిలిన దుమ్ముకే యంత్రం తలుపు తెరవలేదు. ఆమె ఊడ్చిన తీరు చూస్తే ఇన్నాళ్ళూ నా జీతం దండగ అనిపించింది.

నమోదు 10

ఈరోజు ఫర్హానా గారు చేతులు కడుక్కుంటూ నా మొహంలోకి చూసింది.

"పెదవి," అంది.

నొప్పి ఇంకా ఒక్కటి కూడా రాలేదు. అంతకుముందే ఆ అల్లిక వదులైంది. బస్సు ఆలస్యంగానైనా వచ్చింది, దిగాల్సినవాళ్ళు దిగారు, తాళ్ళు విప్పుతున్నారు. అత్తమ్మ ఏమిటని అడిగితే డాక్టరు గారు ఆమె ముక్కు పట్టుకుని చూపించింది, తర్వాత పెదవి పట్టుకోమంది. అత్తమ్మ పట్టుకుని, చిన్నపిల్లలా నవ్వింది.

సాయంత్రం నుంచి నొప్పులు మొదలయ్యాయి. ఇక రాయలేను.

నమోదు 11

ఆడపిల్ల. ఎర్రగా, కందిపోయి, కళ్ళు ఉబ్బి, నెత్తి సొట్ట పడి, చలువపేట నియమాలన్నీ ఒకేసారి అతిక్రమిస్తూ పుట్టింది. పుట్టగానే గొంతు పెంచింది. గుండె బాగుంది. నాకు కోత లేదు. కొంచెం చినిగిన చోట రెండు కుట్లు పడ్డాయి. అవి వాచి మండుతున్నాయి. మానుతున్నాయన్నమాట.

కాన్పు జరుగుతుండగా ఎవరి చెయ్యి తగిలిందో మైకు తెరుచుకుంది, ఆ సంగతి ఎవరం చూసుకోలేదు. అది భోజనశాలకు కలిసి ఉంది. నొప్పుల్లో నేను మండలిని, ఉపసంఘాన్ని, స్తంభాన్ని, నెమ్మది మనిషిని కట్టుకున్న నా ఖర్మను తిట్టిన తిట్లన్నీ ఊరంతా అన్నం కంచాల ముందు కూర్చుని విన్నదట. ఎవరూ లేచి వెళ్ళలేదని ఐలేశ్ చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. దీపం ఎర్రబడింది, ఈసారి కూర్చోలేదు.

ఈరోజు అదే మైకులో మండలి ప్రకటన వచ్చింది. మండలి ముందుచూపుతో కట్టించిన దుమ్ము గదిలో, మండలి నియమాలను తుచ తప్పక పాటించడం వల్ల, ఊళ్ళో కోత లేని కాన్పు జరిగిందట. కోదండపాణి గారికి సన్మానం చేస్తారట. నిజానికి ఆయన నియమాన్ని నా అంత గట్టిగా పాటించినవాళ్ళు ఎవరూ లేరు, కాబట్టి కాదనడానికి లేదు. ప్రకటన అయ్యాక నీలవేణి అద్దం దగ్గరికి వచ్చింది. చంకన బిడ్డ లేదు, నడుముకు గుడ్డ ఉంది. బిడ్డను తన తల్లికి అప్పజెప్పి వచ్చానంది. తలుపు తోసుకుని లోపలికి వచ్చి, అత్తమ్మ పక్కన చాప పరుచుకుంది.

నమోదు 12

పొద్దున్నే కోదండపాణి గారు వెండి పళ్ళెంలో చిన్న చలువ బిళ్ళ పెట్టుకుని వచ్చారు. పుట్టిన ప్రతి బిడ్డకూ పెట్టాలి. పళ్ళేన్ని కిటికీ అరలో ఉంచి ఇటు తోశారు.

నేను దాన్ని చూస్తూ ఉండిపోయాను. ఇన్ని మాటలు అన్నదాన్ని, దాన్ని వెంటనే వెనక్కి తోయలేకపోయాను. ఎందుకంటే ఆ పళ్ళెంలో ఉన్నది ఉత్త అబద్ధం కాదు. దుమ్ము ఉంది, జ్వరం ఉంది, ఇదే గదిలో ఒక పిల్ల పోయింది. నా దగ్గు ఇంకా తగ్గలేదు. ఫర్హానా గారు కూడా నీ ఇష్టం అని ఊరుకుంది. పిల్లకు రోగం వస్తే తను కాపలా కాయగలదు గానీ, మాట ఇవ్వలేనంది.

కోదండపాణి గారు మైకు దగ్గరికి వంగి, ఈసారి నిజంగానే మెత్తగా అడిగారు. "రాజవ్వ గారూ, మీరైనా చెప్పండి. ఇంకొక పిల్లను జ్వరానికి ఇస్తారా?"

అత్తమ్మ ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది. ఆమె బిళ్ళ కూడా నిద్రపోయి మోకాళ్ళు రెండూ గుండ్రంగా వాచి ఉన్నాయి. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"నా పిల్ల జ్వరంతోనే పోయింది సారూ. కాదంటలేను," అంది. "గని అది ఒక్కతే పోయింది. ఈమెకు బిళ్ళ ఒద్దు. జ్వరమొస్తె రానీ. పక్కన నేను కూసుంట."

పళ్ళేన్ని ఆమే అటువైపు తోసింది. కోదండపాణి గారు అద్దం అవతల బిళ్ళ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. అత్తమ్మ ఆయన వంక మళ్ళీ చూడలేదు. పిల్ల కదిలితే ఒక మోకాలి మీది నుంచి ఇంకో మోకాలి మీదికి మార్చుకుని, నొప్పికి అబ్బా అని, పాలు పట్టమని నాకు అందించింది.